కాగితాల సంగతి: ఇనుప సామాను దుకాణమంటే ఏమేమి?

మగ్గమున్న చోట మేకు కావలెను, బోల్టు కావలెను, షటిల్, పికర్, బెల్టు కావలెను. 1877లో షోలాపూరులో మొదటి బట్టల మిల్లు నెలకొన్నది. దానికి ముందునుండియు చేతిమగ్గాల మీద బ్రతికిన మనవారు, తరువాత మిల్లులలోనికి, యంత్రమగ్గాల మీదికి వచ్చిరి. ఆ మగ్గాల వెంటనే ఇనుప సామాను దుకాణాలు వచ్చినవి. సాఖర్ పేఠ్ మొదలుకొని అక్కల్‌కోట రోడ్డు ఎం.ఐ.డి.సి. వరకు, చాదర్లు, టవళ్లు నేసే చోటనెల్లా ఇవి కనబడును. కొందరు మగ్గాలు అమ్మి దుకాణం పెట్టుకొన్నారు. కొందరు మగ్గాలు వెనుక గదిలో ఉంచుకొనే ముందు గదిలో దుకాణం తెరచినారు. ఇప్పుడు ఆ దుకాణాలు చేతులు మారుచున్నవి, వాటి మీద అప్పులు పుట్టుచున్నవి. కావున ఈ నెల అమ్మకం కాగితమును, అప్పు కాగితమును ప్రక్కప్రక్కన పెట్టి చూతము.

మేము వకీళ్లము కాము. కాగితాలు చదివి, నకలు తీసి, ఫైలు కట్టే గుమాస్తా పనివారము. అయినను ఇన్నేండ్లుగా మరాఠీ, ఇంగ్లీషు కాగితాలు చూడగా మాకు తెలిసినది ఒక్కటున్నది. తగాదాలలో సగము ధర దగ్గర పుట్టవు; “సదరు వ్యాపారము” అనే రెండు మాటల దగ్గర పుట్టును. ఆ రెండు మాటల క్రింద ఏమేమి చేరునో, ఏమేమి చేరవో ఎవరును వ్రాసుకొనరు.

మేము కల్పించిన ఉదాహరణ ఒకటి చెప్పెదము. ఒక మేనమామ తన దుకాణాన్ని మేనల్లునికి పండ్రెండు లక్షలకు అమ్మినాడనుకొందాము. “అంత నీదే అల్లుడా! కాగితంల ఏముంటది, మన మాటనే కాగితం” అన్నాడు. ఒక స్టాంపు కాగితం మీద “మా హార్డ్‌వేర్ వ్యాపారము అమ్మితిమి” అని ఒక వరుస వ్రాసి ఇద్దరును సంతకం చేసిరి. ఆరు నెలలు తిరిగేసరికి ఎన్ని ప్రశ్నలో చూడండి. గిరాకీల దగ్గర ఉన్న ఉధారీ ఎవరిది? టోకు వర్తకునికి ఇవ్వవలసిన బాకీ ఎవరిది? గాళాకు చెల్లించిన డిపాజిట్టు ఎవరిది? రంగులు కలిపే యంత్రం కంపెనీదా, దుకాణానిదా? మామ పెద్దకొడుకు రెండు సందుల అవతల మగ్గపు విడిభాగాల దుకాణం పెట్టినాడు; అది పెట్టవచ్చునా, పెట్టకూడదా? వీటిలో ఒక్కదానికి కూడ ఆ ఒక్క వరుసలో జవాబు లేదు. మామ మోసగాడు కాడు, అల్లుడు దురాశాపరుడు కాడు. “వ్యాపారము” అన్నప్పుడు ఒకరి మనస్సులో ఒకటి ఉన్నది, ఇంకొకరి మనస్సులో ఇంకొకటి ఉన్నది. పోయినది సొమ్ము మాత్రమే కాదు. పండుగకు ఒకరి గడప ఒకరు తొక్కుట కూడ పోయినది.

పేరు ఒకటి, సరుకు నాలుగు

మొదట “హార్డ్‌వేర్” అనే మాటనే తీసుకొందాము. ఇల్లు కట్టేవానికి అది కీళ్లు, గడియలు, మేకులు, తాళాలు. ప్లంబరుకు పైపులు, నల్లాలు. మన యంత్రమగ్గం వానికి పికర్, షటిల్, బేరింగు, వి-బెల్టు. కాలేజీలో చదివే కుర్రవానికి కంప్యూటరు. ఒక్కటే బోర్డు, నాలుగు వ్యాపారాలు.

ప్రభుత్వము వారు దేశంలోని పనులన్నిటికిని అంకెలు ఇచ్చియున్నారు. ఈ పట్టికలో 4752 అనే అంకె క్రింద ఇనుప సామాను, రంగులు, అద్దాల చిల్లర అమ్మకం వచ్చును. ఇల్లు కట్టే సామాను, ఇనుప సామాను, నల్లా సామాను టోకు అమ్మకానికి 4663. కంప్యూటర్ల చిల్లర అమ్మకం 4741, అది వేరే గూడు. ఉద్యమ్ రిజిస్ట్రేషను చేయించుకొన్నప్పుడు ఈ అంకెనే అడుగుదురు. 2021 జులై 2న వచ్చిన ఉత్తర్వుతో చిల్లర, టోకు వర్తకులు కూడ ఈ రిజిస్ట్రేషనుకు అర్హులైరి. అయితే బ్యాంకుల ప్రాధాన్య రంగపు అప్పుల మేరకే. కావున అంకె తప్పు వేసినచో అప్పు దరఖాస్తు దగ్గరనే చిక్కు మొదలగును. కాగితం వ్రాసేటప్పుడు “హార్డ్‌వేర్” అని ఊరుకొనక, ఏ రకపు సరుకు, చిల్లరయా టోకా, ఏ అంకె అనునవి వ్రాయుట మొదటి పని.

అమ్మకం కాగితం: విడమరచి వ్రాయవలెను

కొనువాడు డబ్బిచ్చి ఏమి తీసుకొనుచున్నాడు? అరలలోని సరుకొక్కటే అయినచో అది సరుకు కొనుగోలు. నడుచుచున్న దుకాణమును కొనుచున్నచో అందులో సరుకు, అరలు, తక్కెడ, నిచ్చెన, దుకాణం పేరు, ఫోను నెంబరు, పాత గిరాకీల ఖాతా, గాళా హక్కు, ఉధారీ వసూలు హక్కు — ఇవన్నియు వేరువేరుగా లెక్కకు రావలెను.

సరుకు సంగతి. ఫలాని తేదీ సాయంత్రం దుకాణం కట్టిన తరువాత ఇరువురును కలిసి లెక్క పెట్టి, జాబితా మీద ప్రతి పుటకు సంతకాలు చేయవలెను. కొన్న ధరకా, నేటి ధరకా అనేది ముందే తేల్చుకొనవలెను. తుప్పు పట్టిన గడియలు, ఇప్పుడెవ్వరును వాడని మగ్గాల విడిభాగాలు, అంగుళాల మర బోల్టులు అర నిండా ఉండును. అవి లెక్కకు ఏడు లక్షలలో చేరును గాని గిరాకీకి చేరవు. ఇటువంటి నిలిచిపోయిన సరుకుకు వేరే జాబితా, వేరే ధర ఉండుట ఇరువురికిని మేలు.

మరియొకటి. మన బజారులో జాంగడ్ మీద తెచ్చిన సరుకుండును. అనగా అమ్ముడైతే డబ్బు, లేకున్న తిరిగి పంపుట అనే కరారు మీద తెచ్చినది. అది ఇంకను పంపినవానిదే. తనది కానిదానిని అమ్మినచో, అమ్మినవానికి ఎంత హక్కున్నదో అంతకు మించి కొన్నవానికి రాదనేది 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం చెప్పే సాధారణ సూత్రము. కాబట్టి జాంగడ్ సరుకును, కంపెనీ నిలిపిన యంత్రాలను వేరుగా చూపవలెను.

ఇక గుడ్‌విల్. మరాఠీలో నావలౌకిక్ అందురు. పాత గిరాకీ పాత చోటికే వచ్చుననే నమ్మకమే గుడ్‌విల్ అని ఇంగ్లండులో లార్డ్ ఎల్డన్ అనే న్యాయమూర్తి 1810లోనే తేల్చినాడు. ఆ నమ్మకానికి ధర ఇచ్చిన తరువాత అమ్మినవాడు ఎదురుగానే ఇంకొక దుకాణం తెరచినచో ఏమి? మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను, వర్తకం చేయవద్దని కట్టడి చేసే కరారులు చెల్లవని సాధారణంగా చెప్పుచున్నది. అయితే గుడ్‌విల్ అమ్మినవానికి మాత్రం ఒక మినహాయింపు కలదు. ఆ విధమైన వ్యాపారమే, నిర్ణీతమైన ఎల్లల లోపల, కొనువాడు ఆ వ్యాపారం చేయుచున్నంత కాలం చేయనని అతడు ఒప్పుకొనవచ్చును. ఆ ఎల్లలు సమంజసమైనవి కావలెను. ఈ మినహాయింపు దొరకవలెనన్నచో కాగితంలో మూడు ఉండవలెను: గుడ్‌విల్ అమ్మినామనే మాట, ఏ వ్యాపారము అనే నిర్వచనము, ఏ పేఠల వరకు అనే ఎల్ల. “మహారాష్ట్ర అంతట చేయను” అని వ్రాసినచో ఒక చిన్న దుకాణానికి అది సమంజసమని కోర్టువారు ఒప్పుకొనుట కష్టము. “ఫలాని రెండు పేఠలలో” అనుట నిలుచును. మగ్గపు విడిభాగాలు కూడ ఈ వ్యాపారంలో చేరునని వ్రాసియున్నచో, పై ఉదాహరణలోని మామను అడుగుటకు అల్లునికి ఒక ఆధారముండెడిది. కొడుకు విషయం వేరు. అతడు కాగితం మీద సంతకం చేయలేదు గనుక అతనిని ఆ మాట కట్టదు. దుకాణంలో కూర్చుండి గిరాకీలను ఎరిగిన పెద్ద కొడుకులుండినచో వారి సంతకం కూడ తీసుకొనుట ఇందుకే.

కట్టడి వ్రాసుకొననప్పుడు ఏమగునో చెప్పే పాత వ్యాజ్యమొకటి ఇంగ్లండులో ఉన్నది. అది వార్నీషు వర్తకానిదే. ట్రెగో, హంట్ అను భాగస్తులలో గుడ్‌విల్ ట్రెగోది. హంటు అనునతడు భాగస్వామ్యం ముగియుటకు ముందు గుమాస్తా చేత గిరాకీల పేర్లు, చిరునామాలు నకలు తీయించినాడు. 1896లో ప్రభువుల సభ తీర్పు చెప్పినది: పోటీ దుకాణం పెట్టుకొనవచ్చును, కాని పాత గిరాకీల యింటికి పోయి పిలువరాదు. మన 1932 నాటి భాగస్వామ్య చట్టం 55వ సెక్షను కూడ భాగస్తుల విషయంలో ఇదే దారి పట్టినది. కట్టడి లేనిచో పోటీకి అడ్డులేదు. పాత పేరు వాడరాదు, పాత గిరాకీలను రమ్మని అడుగరాదు. ఇంతకంటె ఎక్కువ కావలెనన్నచో వ్రాసుకొనవలెను.

తరువాత గాళా. కొనువారు పాగడీ ఇచ్చినామనుకొందురు. కాగితంలో ఆ మాట ఉండదు. బొంబాయి రాష్ట్రంలో 1947 నాటి అద్దె చట్టం కిరాయిదారు తన హక్కును ఇంకొకరికి మార్చరాదన్నది. 1948లో ప్రభుత్వం ఒక నోటిఫికేషను ద్వారా సడలింపు ఇచ్చినది. నడుచుచున్న వ్యాపారమును, దాని సరుకుతోను గుడ్‌విల్‌తోను కలిపి పూర్తిగా అమ్మినప్పుడు, దానితోపాటు గాళా హక్కు కూడ మారవచ్చునన్నది. అప్పుడు కోర్టులలో వచ్చిన ప్రశ్న ఏమనగా, అమ్మినది నిజముగా వ్యాపారమా, లేక వ్యాపారం పేరు పెట్టి గాళాను అమ్మినారా? సరుకు జాబితా, గుడ్‌విల్ ధర ఉన్న కాగితానికి బలముండెను. ఒక్క వరుస కాగితానికి లేకుండెను. చూచితిరా, “వ్యాపారము” అంటే ఏమిటి అన్న ప్రశ్న మీద ఒక కుటుంబపు కూడు ఆధారపడినది. ఆ 1947 చట్టము పోయి, 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 2000 మార్చి 31 నుండి అమలులోనికి వచ్చినది. అందులో 26వ సెక్షను హక్కు మార్పును గూర్చినది. 56వ సెక్షను, హక్కు మార్చినందుకు కిరాయిదారు సొమ్ము పుచ్చుకొనుటను, ఒప్పుకొన్నందుకు యజమాని పుచ్చుకొనుటను చట్టబద్ధం చేసినది. కావున ఇప్పుడు యజమాని సమ్మతిని నోటిమాటగా వదలక, వ్రాతమూలంగా తీసుకొని కాగితానికి జత చేయుటయే క్షేమము.

పన్ను సంగతి కూడ నిర్వచనము మీదనే ఆధారపడియున్నది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినది. ఆ యేడే వచ్చిన 12వ నెంబరు రేటు నోటిఫికేషను ప్రకారం, నడుచుచున్న వ్యాపారమును మొత్తముగా బదిలీ చేయుట మీద పన్ను లేదు. సరుకును మాత్రమే అమ్మినచో మేకులకు, బోల్టులకు, తాళాలకు 18 శాతము పడును. ఏడు లక్షల సరుకు మీద అది 1,26,000 రూపాయలు. అమ్మినవాని ఖాతాలో మిగిలిన పన్ను జమ కొన్నవానికి మారవలెనన్నచో, బాధ్యతలు కూడ బదిలీ అగుచున్నవని కాగితంలో ప్రత్యేకముగా ఉండవలెనని ఆ చట్టం 18వ సెక్షను చెప్పుచున్నది. చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫికెట్టు కూడ కావలెను. ఇక 85వ సెక్షను మరింత గట్టిది. బదిలీ నాటివరకు అమ్మినవాడు కట్టవలసిన పన్నుకు కొన్నవాడును కలిసి బాధ్యుడు. తమలో తాము ఎట్లు వ్రాసుకొన్నను సర్కారుకు అడ్డులేదు. కావున పాత పన్ను బయటపడినచో అమ్మినవాడు తిరిగి ఇచ్చునట్లు వ్రాయించుకొని, ధరలో కొంత భాగము కొన్నినెలలు ఆపి ఉంచుకొనుట మంచిది.

ఉధారీ హక్కు మారవలెనన్నచో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 130వ సెక్షను ప్రకారం సంతకం చేసిన వ్రాత ఉండవలెను. గిరాకీలకు నోటీసు కూడ పంపవలెను, లేనిచో వారు పాత యజమానికే డబ్బిచ్చి చేతులు దులుపుకొందురు. టోకు వర్తకుని బాకీ మాత్రం ఇట్లు మారదు. అతడు ఒప్పుకొననిదే అమ్మినవాని నెత్తి మీదినుండి దిగదు.

అప్పు కాగితం: హద్దు వేయవలెను

ఇప్పుడు రెండవ కాగితం తీయుదము. ఇక్కడ గాలి ఎదురు తిరుగును. కొనుగోలులో “సదరు వ్యాపారము” ఎంత విశాలమైతే కొనువానికి అంత మేలు. అప్పులో అది ఎంత విశాలమైతే అప్పు తీసుకొన్నవాని మెడకు ఉచ్చు అంత పెద్దది. మాట ఒక్కటే, ఎటు కూర్చుండి చదువుచున్నామన్నదే తేడా.

దుకాణానికి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్టుకు సామాన్యముగా సరుకు నజర్ గహాణ్‌గా ఉండును. బంగారం కుదువ పెట్టినప్పుడు వస్తువు బ్యాంకు ఇనప్పెట్టెలోనికి పోవును. నజర్ గహాణ్‌లో సరుకు మన అరలోనే ఉండును, మనమే అమ్ముకొందుము. హక్కు మాత్రం బ్యాంకుది. 2002 నాటి సెక్యూరిటైజేషన్ చట్టం నిర్వచనంలో ఇప్పుడున్న చరాస్తియే కాక ముందు రాబోయే చరాస్తి కూడ ఇందులో చేరును.

“ముందు రాబోయేది” అన్న ఈ మాట మనవంటి నేతవారి నడుమ పుట్టినదే. ఇంగ్లండులో యార్క్‌షైరు జిల్లా హాలిఫాక్సు దగ్గర డమాస్కు బట్ట నేయించే ఒకడు తన మిల్లు యంత్రాలను తాకట్టు పెట్టినాడు. ఇకముందు ఆ మిల్లులో చేర్చే యంత్రాలు, మార్చి పెట్టే యంత్రాలు కూడ తాకట్టులోనివే అని వ్రాసియుండెను. తరువాత అతడు కొత్త యంత్రాలు తెచ్చినాడు. ఇంకొక అప్పువాడు వాటిని జప్తు చేయించబోయినాడు. 1862లో ప్రభువుల సభ, మొదటి కాగితంవారికే హక్కున్నదని చెప్పినది. హోల్‌రాయిడ్, మార్షల్ వ్యాజ్యమని దానికి పేరు. ఆ కాగితానికి బలమిచ్చినది చోటు. “ఆ మిల్లులో పెట్టినవి” అని ఉన్నది గనుక ఏవి చేరునో తేలినది.

మన పేఠలలో ప్రమాదం కూడ ఆ చోటు దగ్గరనే ఉన్నది. ముందు గదిలో దుకాణం, వెనుక గదిలో నాలుగు మగ్గాలు, మాడి మీద కాపురం. అన్నిటికిని ఇంటి నెంబరు ఒక్కటే. మగ్గాలు తమ్ముని పేర ఉండవచ్చును. నూలు సావుకారిది, కూలికి నేయుటకు ఇచ్చినది కావచ్చును. అప్పు కాగితం షెడ్యూలులో “సదరు ఇంటి నెంబరులో ఉన్న, ముందు ఉండబోయే యంత్రాలు, సరుకు, సామాను సమస్తమును” అని పడినచో, వాయిదాలు తప్పిన నాడు ఆ మగ్గాలు ఎవరివో నిరూపించే బరువు ఇంటివారి మీద పడును. తమ్ముని మగ్గం ఆగును, ఆతని ఇంటి పొయ్యి ఆగును. అప్పు అన్నది దుకాణానికి, ఆకలి మగ్గానికి.

బ్యాంకు ఫారము అచ్చు వేసినది, మార్చరు అందురు. అచ్చు వరుసలు మార్చకపోవచ్చును. కాని చివర ఉండే షెడ్యూలు చేతితో నింపునదే. “తరువాత నింపుకొందుము, ఇక్కడ సంతకం పెట్టండి” అన్నప్పుడు, మర్యాదగా, “సాహెబ్, నింపిన తరువాతనే పెట్టెదను” అనవలెను. ఒక్క రోజు ఆలస్యమగును, అంతే.

డ్రాయింగ్ పవర్ లెక్కను కూడ తెలిసికొనవలెను. ఉదాహరణకు దుకాణంలో పది లక్షల సరుకున్నది, అందులో మూడు లక్షలది టోకువానికి ఇంకను డబ్బీయలేదు. బ్యాంకు ఆ మూడు తీసివేయును. మిగిలిన ఏడు లక్షలలో 25 శాతం మార్జిను పోగా 5,25,000 మాత్రమే వాడుకొనుటకు వీలు. మార్జిను బ్యాంకును బట్టి మారును. నెలనెలా ఇచ్చే స్టాకు పట్టికలో జాంగడ్ సరుకును మనదిగా చూపినచో నేడు పరపతి పెరిగినట్లుండును; తనిఖీ నాడు అది అబద్ధపు లెక్క అగును.

బ్యాంకుకు పోలేక చేతి అప్పు తెచ్చువారికి మరొక నిర్వచనమున్నది. 1946 నాటి బొంబాయి వడ్డీ వ్యాపారుల చట్టంలో “వ్యాపారి”కి ఇచ్చిన అప్పును చాలా నిబంధనలకు వెలుపల ఉంచిరి. చేతిపనివానిని మాత్రం వ్యాపారిగా లెక్కించలేదు. పదిమందికి మించి పనివారు లేనివాడు ఆ లెక్కకు చేతిపనివాడు. అనగా నాలుగు మగ్గాలవాడు ఒక గూటిలో, ఇనుప సామాను దుకాణంవాడు ఇంకొక గూటిలో. ఆ చట్టం స్థానంలో 2014లో మహారాష్ట్ర వడ్డీ వ్యాపార నియంత్రణ చట్టం వచ్చినది. వడ్డీ వ్యాపారానికి లైసెన్సు కావలెను. మగ్గానికి అప్పు తెచ్చి కాగితంలో “హార్డ్‌వేర్ వ్యాపారానికి” అని వ్రాయనిచ్చుటకు ముందు, మనలను ఏ గూటిలో పెట్టుచున్నారో ఒక వకీలును అడిగి చూచుకొనుట మంచిది.

ఇక జామీను. బావ దుకాణానికి బావమరిది, అన్న దుకాణానికి తమ్ముడు సంతకం చేయుట మన ఇండ్లలో మర్యాద. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, వేరే కరారు లేనప్పుడు, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకొన్నవానితో సమానము. క్యాష్ క్రెడిట్టుకు ఇచ్చే జామీను ఒకసారితో తీరునది కాదు. ఖాతా నడిచినంత కాలం నడుచును. ఇకముందు ఇచ్చే సొమ్ము మేరకు నోటీసు ఇచ్చి మానుకొనవచ్చునని 130వ సెక్షను చెప్పుచున్నది. ఫారములో దీనికి భిన్నముగా వ్రాసియున్నదేమో చూడవలెను. దుకాణం చేతులు మారినదంటే జామీనుదారు ఆ వారములోనే బ్యాంకుకు వ్రాతమూలముగా తెలుపవలెను. కొనువాడు కూడ నజర్ గహాణ్ విడిపించినట్లు బ్యాంకు చీటీ చూడనిదే పూర్తి డబ్బు చెల్లించరాదు.

రెండు నమూనాలు

మన పాఠకులు వకీలు దగ్గరకు పోవునప్పుడు చేత పట్టుకొని పోవుటకు రెండు నమూనాలు ఇచ్చుచున్నాము. ఇవి చిత్తుప్రతులు మాత్రమే.

అమ్మకం కాగితానికి: “సదరు వ్యాపారము అనగా ఫలాని పేఠ, ఫలాని నెంబరు గాళాలో, ఫలాని పేరుతో అమ్మువారు నడుపుచున్న చిల్లర ఇనుప సామాను వ్యాపారము, అనగా కట్టడపు సామాను, తాళాలు, పనిముట్లు, నల్లా సామాను, రంగులు, యంత్రమగ్గపు విడిభాగాల క్రయవిక్రయము. ఇందులో చేరునవి: ఒకటవ జాబితాలోని సరుకు, రెండవ జాబితాలోని అరలు, తక్కెడ, సామాను, దుకాణం పేరు, ఫోను నెంబరు, గుడ్‌విల్, యజమాని సమ్మతితో గాళా హక్కు, డిపాజిట్టు, మూడవ జాబితాలోని ఉధారీ. చేరనివి: జాంగడ్ సరుకు, కంపెనీ యంత్రాలు, అమ్మువారి ఇంటి సామాను. ఫలాని తేదీ వరకు గల బాకీలు, పన్నులు, పనివారి జీతాలు అమ్మువారివి; తరువాతివి కొనువారివి.”

అప్పు కాగితపు షెడ్యూలుకు: “తారణ్ సరుకు అనగా ఫలాని ఇంటి ముందు గదిలోని దుకాణంలో ఇప్పుడున్న, ఇకముందు ఆ గదిలోనికి తెచ్చే, అప్పు తీసుకొన్నవారి సొంత వ్యాపార సరుకు మాత్రమే. అదే ఇంట ఉన్న మగ్గాలు, నూలు, నేసిన బట్ట, జాంగడ్ సరుకు, కుటుంబంలో ఇతరుల సొత్తు ఇందులో చేరవు.”

ఈ రెండవ నమూనాలోని “మాత్రమే” అనే మాటను, మొదటిదానిలోని “చేరునవి” అనే మాటను గుర్తుంచుకొన్నచో ఈ నెల మేము చెప్పదలచినది చాలవరకు గుర్తున్నట్లే.

కడపటి మాట భాషను గూర్చి. మనము ఇంట తెలుగు మాట్లాడుదుము, బజారులో మరాఠీ మాట్లాడుదుము, బ్యాంకులో ఇంగ్లీషు కాగితం మీద సంతకం చేయుదుము. కాగితం మీద కరారు పూర్తిగా వ్రాసుకొన్న తరువాత, దానికి విరుద్ధముగా నోటితో ఇట్లనుకొన్నాము అని చెప్పుకొనుటకు కోర్టులో చోటు బహు స్వల్పము. కావున సంతకానికి ముందు ఇంటిలో చదువుకొన్న బిడ్డ చేత, కోడలైనను సరే, కూతురైనను సరే, ప్రతి వరుసను తెలుగులో చెప్పించుకొని వినవలెను. ఆడవారి బంగారం తాకట్టు పెట్టి దుకాణం కొనుచున్నచో వారు వినుట మరింత న్యాయము. “మనవాళ్లే గదా, జాబితా ఎందుకు” అని మొగమాటపడరాదు. మనవాళ్లు మనవాళ్లుగా మిగులుటకే జాబితా.

వచ్చే నెల ఈ శీర్షికలో కిరాయి రసీదులను గూర్చి వ్రాసెదము.